కంటికి అడ్డం, వార్తకు ఆధారం: తూర్పు కనుమల వార్తా ఛాయాగ్రాహకుల ప్రణాళిక

మేమెవరం, ఎందుకు కలిశాం

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, ముంచంగిపుట్టు, చింతపల్లి కొండల్లో కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లం మేము. మాలో మండల విలేకరులున్నారు. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు ఫొటోలు తీసి బతికే స్టూడియోవాళ్లున్నారు. పర్యాటకులకు దారి చూపిస్తూ ఫొటో తీయడం నేర్చుకున్న కుర్రాళ్లున్నారు. తమ ఊరి కష్టాన్ని తమ ఫోన్‌తోనే తీసి లోకానికి చూపిస్తున్న ఆదివాసీ యువతీ యువకులున్నారు.

ఈ కొండల ఫొటోలకు కొరత లేదు. వంజంగి మీద తెల్లవారుజామున మేఘాలు పరుచుకుంటే వందల ఫోన్లు లేస్తాయి. శీతాకాలం ముందు వలిసె చేలు పసుపు రంగు తిరిగితే దారి పొడవునా బళ్లు ఆగుతాయి. అద్దాల రైలు పెట్టె, బొర్రా గుహల దీపాలు, వరసగా భుజాలు కలిపి ఆడే థింసా జట్టు, దోసిట్లో ఎర్రటి కాఫీ పళ్లు. క్యాలెండర్లలో, హోర్డింగుల మీద, ఫోన్లలో ఇవే. ఇన్ని ఫొటోలు చూసినవాడికి కూడా ఇక్కడి మనిషి నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటాడో, ఆసుపత్రికి ఎలా వెళ్తాడో, సంతలో తన పసుపును ఎవరు తూకం వేస్తారో తెలియదు.

ఎందుకంటే ఆ ఫొటోల్లో ప్రతిదాని నుంచీ ఏదో ఒకటి పక్కకు నెట్టేశారు. కరెంటు తీగ, ప్లాస్టిక్ కుర్చీ, సగంలో ఆగిన కల్వర్టు, పక్కన నిలబడి చూస్తున్న రైతు. ‘బ్యాక్‌గ్రౌండ్ శుభ్రంగా ఉండాలి’ అని స్టూడియోలో, పోటీల్లో నేర్చుకున్న పాఠాన్ని మనం వార్తల్లోకి కూడా మోసుకొచ్చాం. మా పేచీ అక్కడే. కంటికి అడ్డం వచ్చేదంతా వార్తకు అడ్డం కాదు. ఈ కొండల్లో చాలాసార్లు అదే వార్తకు ఆధారం. ఈ ఒక్క మాట మీద నిలబడడానికి మేం కలిశాం.

రెండు పనులు, రెండు ధర్మాలు

కంపోజిషన్ సూత్రాలతో మాకు విరోధం లేదు. మూడో వంతు సూత్రం, కన్నును లోపలికి నడిపించే గీతలు, ఖాళీ జాగా, వెలుగునీడల తూకం అన్నీ నేర్చుకోవలసినవే. అయితే అవి ఎక్కడ పుట్టాయో గుర్తుంచుకోవాలి. మూడో వంతు సూత్రానికి ఆ పేరు పెట్టి 1797లో పుస్తకంలో రాసినవాడు జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు. ఆయన రాసింది పల్లె దృశ్యాలు గీయడం గురించి. చిత్రకారుడు తనకు అక్కర్లేని చెట్టును గీయకుండా వదిలేయవచ్చు. ఆ స్వేచ్ఛ అతని కళలో భాగం. వార్త తీసేవాడికి ఆ స్వేచ్ఛ లేదు.

పర్యాటక ఫొటో, పెళ్లి ఫొటో, కాఫీ పొట్లం మీద వేసే ప్రకటన ఫొటో, గోడకు వేలాడదీసే కళాత్మక ఫొటో తమ తమ చోట్ల గౌరవమైనవే. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే, ఆ పేరు దేశదేశాలకు పాకిందంటే, అందులో మంచి ప్రకటన ఫొటోలకూ భాగం ఉంది. ఆ ఫొటోలో సిల్వర్ ఓక్ నీడ, మిరియపు తీగ, నవ్వుతున్న ముఖం ఉంటే చాలు. అది ఒక సరుకును ఇష్టపడమని అడుగుతోంది. చూసేవాడికి ఆ సంగతి తెలుసు.

వార్తా ఫొటో అడిగేది వేరు. ‘ఇది జరిగింది, నమ్మండి’ అంటుంది. కాఫీ పళ్ల కోత వార్త అయితే ఆ నవ్వు వెనకాల ఉన్న గోనె సంచి, కాటా, కొనుగోలుదారు చేతిలోని చిట్టా కూడా అందులో భాగాలే. గిరిజన సహకార సంస్థ 1956లో పుట్టిందే ఈ సంతల్లో తూకం, ధర ఆదివాసీకి న్యాయంగా దక్కాలని. అలాంటి సంతలో ఫొటో తీస్తూ కాటాను ‘అనవసరం’ అని మసక చేస్తే మనం తీసింది వార్త కాదు, అలంకరణ.

రైలు సంగతీ అంతే. కొత్తవలస–కిరండూల్ లైను మీద 2017 నుంచి అద్దాల విస్టాడోమ్ పెట్టె నడుస్తోంది. ఆ పట్టాలు మాత్రం 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి వేసినవి. పర్యాటకుడికి సొరంగాలు, లోయ చాలు. ఆ లైను మీద వార్త రాసేవాడి ఫొటోలో ఖనిజం బండ్లు కూడా కనబడాలి.

శుభ్రమైన నేపథ్యానికి ఒక చరిత్ర ఉంది

ఆదివాసీని ఏమీ లేని నేపథ్యంలో నిలబెట్టి ఫొటో తీయడం కొత్త అలవాటు కాదు. 1869లో జాన్ లాంప్రే అనే ఆంగ్లేయుడు మనుషుల్ని పట్టుదారాలతో గళ్లు కట్టిన తెర ముందు నిలబెట్టి ఫొటో తీసే పద్ధతి ప్రచారం చేశాడు. శరీరాన్ని కొలవడానికి వీలుగా ఉండాలని, పోల్చడానికి అడ్డంగా ఇంకేమీ ఉండకూడదని ఆ ఏర్పాటు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ ఏడు సంపుటాలుగా అచ్చువేయించిన దక్షిణ భారత కులాలు, తెగల పుస్తకంలో గదబలు, కొంధులు, పోరోజాలు కూడా ‘రకాలు’గానే నమోదయ్యారు. ఆ పుస్తకంలో మనిషికి తెగ పేరు ఉంటుంది, సొంత పేరు ఉండదు.

అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ 1910లో పీగన్ తెగకు చెందిన ఇద్దరిని వాళ్ల గుడారంలో కూర్చోబెట్టి ఫొటో తీశాడు. వాళ్ల మధ్యలో ఒక గడియారం ఉంది. అచ్చులో అది లేదు. ‘పాత కాలపు మనుషులు’ అన్న తన కథకు అది అడ్డం వచ్చిందని తుడిపించేశాడు. ఆ గడియారం వాళ్లది. వాళ్ల కాలం అందులో ఉంది. దాన్ని తుడవడమంటే వాళ్లను తమ సొంత కాలం నుంచి తుడిచేయడమే.

ఇదే పని ఇవాళ మన కొండల్లో రోజూ జరుగుతోంది. చేతి గడియారం తీసేయమంటారు. ఫోన్ దాచమంటారు. నైటీ మీదున్న ముసలమ్మను పాత పద్ధతిలో చీర కట్టుకుని రమ్మంటారు. పక్కనున్న డిష్ యాంటెనా కనబడకుండా కెమెరా తిప్పుతారు. 2012లో ఒడిశా ప్రభుత్వం సరిహద్దు అవతల బోండా, డోంగ్రియా కొంధుల ప్రాంతాల్లో పర్యాటకుల ఫొటోల మీద ఆంక్షలు పెట్టవలసి వచ్చింది. మనిషిని వింతగా చూసే కన్ను ఎంత దూరం పోతుందో అందుకు అది సాక్ష్యం.

తుడిచినవాళ్లు నేర్పిన పాఠాలు

1936లో డొరోథియా లాంగ్ కాలిఫోర్నియాలో తీసిన వలస తల్లి ఫొటో లోకమంతా తెలుసు. అందులో కింది మూలన గుడారపు గుంజను పట్టుకున్న బొటనవేలు ఒకటి ఉండేది. కంటికి అడ్డమని 1939లో నెగెటివ్ మీదే దాన్ని చెరిపించింది. ఆమె పనిచేసిన ప్రభుత్వ ఫొటో విభాగం అధిపతి రాయ్ స్ట్రైకర్‌కు అది నచ్చలేదు. ఒక వేలు పోతే నష్టమేమిటని అడగవచ్చు. ప్రభుత్వం సాక్ష్యంగా దాచుకునే ఫొటోలో ఒక వేలు చెరపవచ్చంటే, మరో ఫొటోలో మనిషిని చెరపడానికి అడ్డుకట్ట ఎక్కడ వేస్తాం?

1970 మే 4న కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో కాల్పుల్లో చనిపోయిన విద్యార్థి పక్కన మోకాళ్ల మీద కూలబడి రోదిస్తున్న అమ్మాయిని జాన్ ఫైలో తీశాడు. ఆమె తల వెనకే ఒక కంచె గుంజ ఉంది. తర్వాత ఎవరో దాన్ని తుడిచేశారు. తుడిచిన బొమ్మనే 1995లో లైఫ్ పత్రిక వేసి విమర్శల పాలైంది. పులిట్జర్ బహుమతి వచ్చింది గుంజతో ఉన్న ఫొటోకే. ఆ గుంజ ఉన్నందువల్ల ఆ రోదన వినబడకుండా పోలేదు.

2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ నార్సిసో కాంట్రెరాస్ అనే పులిట్జర్ గ్రహీతతో సంబంధం తెంచుకుంది. సిరియా యుద్ధంలో తీసిన ఒక ఫొటో మూలన కనబడుతున్న తోటి విలేకరి వీడియో కెమెరాను ఆయన తుడిచాడు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫొటో పోటీలో చివరికి ముందు దశ దాకా వచ్చిన ఎంట్రీల్లో అయిదో వంతు, మార్పులు చేసినందుకు పోయాయి. 2016లో స్టీవ్ మెక్‌కరీ ఫొటోల్లో మనుషులు, వస్తువులు మాయమైనట్టు బయటపడితే, తాను దృశ్యంతో కథ చెప్పేవాణ్నని ఆయన చెప్పుకున్నాడు. కథ చెప్పేవాడికి మా నమస్కారం. ఆ ఫొటో వార్త పేరుతో రాకూడదన్నదే మా షరతు.

వెనకున్నదే వార్త అయినప్పుడు

ఎదురు ఉదాహరణ మన ఉత్తరాంధ్రలోనే ఉంది. పాలగుమ్మి సాయినాథ్ 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాల్లో శ్రామిక స్త్రీల ఫొటోలు తీసి ప్రదర్శన కట్టారు. అందులో విజయనగరం జిల్లా పొలం ఒకటి కనిపిస్తుంది. భూస్వామి కెమెరా ముందు నిటారుగా, దర్జాగా నిలబడ్డాడు. అతని వెనక పొలంలో స్త్రీలు వరసగా నడుం వంచి పని చేస్తున్నారు.

పోర్ట్రెయిట్ పాఠం ప్రకారం ఆ స్త్రీలు అడ్డం. పెద్ద అపెర్చర్ పెట్టి వాళ్లను మసక చేయాలి, లేదా ఖాళీ గట్టు వైపు అతన్ని తిప్పాలి. అలా చేసి ఉంటే ఒక భూస్వామి ఫొటో మిగిలేది. నిటారుగా ఉన్న ఒక్క మనిషి, వంగిన ఎన్నో వెన్నులు ఒకే ఫ్రేములో ఉండబట్టి ఆ పొలంలో ఎవరి శ్రమ ఎవరిదైందో చూసినవాడికి అర్థమవుతుంది. అది గొప్ప కంపోజిషన్. వార్తలో కంపోజిషన్ అంటే మా దృష్టిలో ఇదే: ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవాటిని ఒకే చట్రంలో, ఆ సంబంధం తెలిసేలా నిలపడం.

డోలీ ఫొటో గురించి

మా కొండల నుంచి ఎక్కువగా బయటికి పోయే వార్తా ఫొటో డోలీది. కర్రకు దుప్పటి కట్టి, అందులో గర్భిణినో రోగినో పడుకోబెట్టి, ఇద్దరు భుజాన మోస్తూ గెడ్డ దాటుతుంటారు. వెనక పచ్చని కొండ, పైన మంచు. ఆ ఫొటో చూసి జాలిపడనివాళ్లుండరు. ఏళ్ల తరబడి అవే ఫొటోలు వస్తున్నాయి. జాలి కూడా అలవాటైపోయింది.

అది అలవాటు కావడంలో మన చేతి పని కూడా ఉంది. ఇద్దరు మోసేవాళ్లు, మధ్యలో ఉయ్యాలలా వంగిన దుప్పటి, చుట్టూ ఖాళీ ఆకాశం. కంపోజిషన్ బ్రహ్మాండంగా కుదిరింది. అందులో బయట వదిలేసినవి చూడండి. భుజం మార్చుకోవడానికి పక్కనే నడుస్తున్న నలుగురు. చెప్పులు చేతపట్టి, ఆసుపత్రి కాగితాలు కవరులో పెట్టుకుని వస్తున్న అత్త. కంకర పోసి వదిలేసిన రోడ్డు. స్తంభాలు లేచి పలక పడని వంతెన. పేర్లన్నీ చెక్కిన శంకుస్థాపన ఫలకం. తారు ఆగిపోయిన చోట ఎదురుచూస్తున్న 108 బండి. వీటిలో ఏది ఆ రోజు అక్కడ ఉంటే అది ఫొటోలో ఉండాలి. వీటిని తీసేస్తే డోలీ ఆదివాసీ ఆచారంలా కనబడుతుంది. ఇవి ఉంటే అది రోడ్డు లేని ఊరి కథ అవుతుంది. జవాబు చెప్పవలసినవాళ్లు ఎవరో చూసినవాడికి తెలుస్తుంది.

ఇంకో జాగ్రత్త కూడా కావాలి. రోడ్డు కోసం ఆదివాసీలు డోలీలు కట్టి నిరసన యాత్రలు చేస్తారు. అది వాళ్ల హక్కు, అదీ వార్తే. కానీ నిరసన డోలీని నిజంగా రోగిని మోస్తున్న డోలీగా వేయకూడదు. ఆ నిరసనలో ఉన్న ప్లకార్డును, నినాదాన్ని ‘దృష్టి మళ్లిస్తోంది’ అని కోసేస్తే సరిగ్గా ఆ అబద్ధమే చెప్పినట్టు. రేపు నిజమైన డోలీ వచ్చినప్పుడు కూడా ఎవరూ నమ్మరు.

మా నియమాలు

1. తీసిన తర్వాత వార్తా ఫొటోలో ఏదీ చేర్చం, ఏదీ తుడవం. స్తంభం, తీగ, చెయ్యి, చెత్త, ఏదైనా సరే. ఫోన్‌లో మ్యాజిక్ ఎరేజర్ వేలి కొసన ఉన్నా వార్త జోలికి దాన్ని రానివ్వం.

2. అడ్డం అనిపిస్తే మేమే కదులుతాం. రెండడుగులు పక్కకు వేస్తాం, మోకాలి మీద కూర్చుంటాం, గట్టెక్కుతాం, వేచి ఉంటాం. తల మీద నుంచి గుంజ మొలిచినట్టు కనబడితే దాన్ని సరిచేయాల్సింది షట్టర్ నొక్కకముందు, కాళ్లతో.

3. కదిలే ముందు ఒక ప్రశ్న వేసుకుంటాం: ఈ అడ్డం ఎవరిది? మా బ్యాగు పట్టీ అయితే పక్కకు జరుపుతాం. అక్కడి మనుషుల బతుకులోనిదైతే దానికి ఫ్రేములో చోటు వెతుకుతాం.

4. మనుషుల్ని కదపం, మళ్లీ చేయమని అడగం, బట్టలు మార్పించం. పోర్ట్రెయిట్ కోసం నిలబడమని అడిగితే అది పోర్ట్రెయిట్ అని రాస్తాం.

5. మసక కూడా ఒక రకం తుడిచివేతే. 50 ఎంఎం లెన్సులో ఎఫ్/1.8 పెట్టి ముఖం ఒక్కటే మిగిలిస్తే ఊరు మాయమవుతుంది. చోటు ముఖ్యమైన వార్తలో ఎఫ్/8 దగ్గర ఉంటాం, దగ్గరికి వెళ్లి వెడల్పు లెన్సుతో తీస్తాం. ఫోన్ పోర్ట్రెయిట్ మోడ్ వార్తకు వాడం.

6. ప్రతి సంఘటనకూ చుట్టుపక్కలంతా కనబడే ఒక ఫొటో తప్పనిసరిగా తీస్తాం. దగ్గరి ఫొటో అచ్చయినా ఆ వెడల్పు ఫొటో మా దగ్గర సాక్ష్యంగా ఉంటుంది.

7. క్రాప్ చేస్తాం, అర్థం మారనంత వరకే. కోసేసిన భాగాన్ని చూపిస్తే పాఠకుడి అభిప్రాయం మారుతుందా? మారుతుందంటే ఆ కోత తప్పు.

8. వెలుగునీడలు కన్ను చూసినంత వరకే సవరిస్తాం. వలిసె పసుపును, మంచును, మట్టి ఎరుపును లేనంతగా పెంచం.

9. ఎవరో ఏర్పాటు చేసింది అయితే ఆ మాట కింద రాస్తాం. రిసార్టులో పర్యాటకుల కోసం ఆడిన థింసాను ఊరి పండగ అనం. కుర్చీలు, స్పీకర్లు, వేదిక అక్కడుంటే ఫొటోలోనూ ఉంటాయి. నాయకుడి చుట్టూ మైకులు మూగితే మైకులు కూడా కనబడతాయి.

10. అడిగి తీస్తాం, వాళ్లకు అర్థమయ్యే భాషలో. తెలుగు రానివారికి కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పగలిగినవాళ్లను వెంట తీసుకెళ్తాం. వద్దంటే కెమెరా దించుతాం. ఒప్పుకున్నవారి పేరు, ఊరు సరిగా రాస్తాం. ‘ఓ గిరిజన మహిళ’ అని ఊరుకోం.

11. దాచవలసిన చోట దాస్తాం. లైంగిక దాడికి గురైనవారిని గుర్తుపట్టే వివరాలు బయటపెట్టకూడదని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్, పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతున్నాయి. ముఖం ఒక్కటి మసక చేస్తే చాలదు. చిన్న గూడెంలో ఇంటి అరుగు, బడి పేరు, పెరట్లో చెట్టు చాలు మనిషిని పట్టివ్వడానికి. ఇలాంటప్పుడు నేపథ్యమే ప్రమాదం. అది రాకుండా కెమెరా ఎక్కడ పెట్టాలో ముందే ఆలోచిస్తాం. కుదరకపోతే ఫొటో లేకుండానే వార్త ఇస్తాం.

12. వంకర ఫొటో నిజాయితీకి గుర్తు కాదు. చూడగానే అర్థంకాని ఫొటో వార్తను చంపుతుంది. గజిబిజిలోంచి క్రమాన్ని వెతికి పట్టే నేర్పు మాకు ఇతర ఛాయాగ్రాహకుల కంటే ఎక్కువ కావాలి, ఎందుకంటే తుడిచే వెసులుబాటు మాకు లేదు.

మా కార్యక్రమం

తీసిన ప్రతి వార్తా ఫొటో అసలు ఫైలును, కోత లేకుండా, తేదీ, ఊరితో సహా భద్రపరుస్తాం. ఎవరు అనుమానించినా చూపిస్తాం.

డెస్కుకు క్రాప్ చేసిన ఫొటోతో పాటు పూర్తి ఫ్రేము కూడా పంపుతాం. ఎందుకలా తీశామో ఒక వాక్యం రాసి పెడతాం.

తీసిన ఫొటోలను ఆ ఊళ్లకే తీసుకెళ్తాం. వారపు సంతలో తాడు కట్టి వేలాడదీసి, అందులో ఉన్నవాళ్లను పిలిచి చూపిస్తాం. ‘ఇది మా ఊరే, ఇలాగే జరిగింది’ అని వాళ్లు ఒప్పుకోవడమే మాకు మొదటి పరీక్ష. తప్పుందని వాళ్లు చెబితే వ్యాఖ్య దిద్దుతాం, పత్రికకు సవరణ పంపుతాం.

ఏటా ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు, ఆదివాసీ యువత తీసిన ఫొటోలతో ప్రదర్శన పెడతాం. ఫోన్‌తో వార్తా ఫొటో ఎలా తీయాలో, వ్యాఖ్య ఎలా రాయాలో ఉచితంగా నేర్పుతాం. ఈ కొండల్ని శతాబ్దం పైగా బయటి కన్ను చూసింది. ఇక లోపలి కన్ను చూడాలి.

స్టూడియో పని, పర్యాటక పని మానం. ఆ ఫొటోలకు ఆ పేరు పెడతాం. ఒకే మనిషి పొద్దున ప్రకటన, మధ్యాహ్నం వార్త తీయవచ్చు. రెండింటినీ ఒకే పేరుతో అమ్మకూడదు.

పిలుపు

సంపాదకులారా, 1974లో ఈనాడు విశాఖలో మొదలై, 1989లో జిల్లా అనుబంధాలు వచ్చాక మారుమూల మండలం ఫొటో కూడా మర్నాటి పేపర్లో కనబడడం తెలుగువాళ్లకు అలవాటైంది. ఆ అలవాటును కాపాడండి. మేం పంపిన ఫ్రేములో గుంజ ఉందని, తీగ ఉందని, పక్కన ఎవరో నిలబడ్డారని కోసే ముందు మాకు ఫోన్ చేయండి. ఆ నిలబడినవాడెవరో చెబుతాం.

పర్యాటకులారా, మీ ఆనందానికి మేం అడ్డు రాం. వలిసె చేనులో దిగే ముందు అది నూనె గింజల పంట అని, దానికి యజమాని ఉన్నాడని గుర్తుంచుకోండి. గట్టు మీద నిలబడిన ఆ రైతును అడగండి. ఫొటోలో అతను పడితే తుడవకండి.

పాఠకులారా, కొండల నుంచి వచ్చిన ఫొటో మరీ ముచ్చటగా, మరీ శుభ్రంగా ఉంటే ప్రశ్నించండి. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, చుట్టూ ఏముంది అని అడగండి. మమ్మల్ని కూడా అడగండి.

కెమెరా ఉన్నవాళ్లారా, ఫోన్ ఉన్నవాళ్లారా, పన్నెండు నియమాలూ చదవండి. ఒప్పుకుంటే సంతకం పెట్టండి, మాతో రండి. ఒప్పుకోని నియమం ఉంటే వచ్చి వాదించండి. ఈ కొండల ఫొటోల్లోంచి ఈ కొండల మనుషుల్నీ, వాళ్ల వస్తువుల్నీ, వాళ్ల కాలాన్నీ ఇకమీద ఎవరూ తుడిచేయకూడదు.